చివరి భాగం నేను చెప్పాను

మా లాండ్రీలో అందరూ ఆవిడని జడ్జమ్మ అనేవాళ్ళు. ముందురోజు సాయంత్రం టీవీ సీరియల్లో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు, ఎవరి మొహం ఇక చూపించక్కర్లేదు అన్న సంగతుల మీద పొద్దున్న తొమ్మిది కొట్టేసరికి ఆవిడ తీర్పు వచ్చేసేది. దాని మీద అప్పీలు లేదు. ఒకసారి సూపర్‌వైజరు పెద్దకోడలి పక్షం మాట్లాడబోయి చీవాట్లు తిన్నాడు. ఆ తరవాత ఆయన మేం దుప్పట్లు మడిచే బల్ల దగ్గరికి పని మాట చెప్పడానికి తప్ప రాలేదు.

మాది ఒక పెద్ద హోటలు నేలమాళిగలో ఉన్న లాండ్రీ. కిటికీలు లేవు. ఒక గోడ పొడుగునా ఉతికే మిషన్లు, ఇంకో గోడకి ఆరబెట్టేవి, మధ్యలో ఇస్త్రీ రోలరు. రోలరు మీద ఒక పెద్దాయన పనిచేసేవాడు. ఆయన అటు నుంచి తడి దుప్పటి పెడితే ఇటు నుంచి కాలిపోతూ బయటికి వచ్చేది. దాన్ని నేనూ జడ్జమ్మా చెరో రెండు కొసలు పట్టుకుని ఒకసారి దులిపి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. నా కొసలు ఆవిడ చేతిలో పెట్టి, కింద వేలాడే మడత అందుకుని మళ్ళీ వెనక్కి జరగాలి. రోజుకి మూడొందల దుప్పట్లు. లెక్క తీస్తే ఏడేళ్ళలో మా ఆయన మొహం కన్నా ఆవిడ మొహమే నేను ఎక్కువసార్లు చూసి ఉంటాను.

నాకు సీరియళ్ళంటే ఒళ్ళుమంట. మా ఇంట్లో ఆ పెట్టె వార్తలకి తప్ప తెరవం. అయినా ఏడేళ్ళ కథ నాకు కంఠతా వచ్చిందంటే అది ఆవిడ చలవే. ఆవిడ పాత్రల పేర్లు పలికేది కాదు, తనే పేర్లు పెట్టేది. హీరోయిన్ ఏడుపుగొట్టు. ఎవరు ఏం మాట్లాడుకున్నా చాటు నుంచి వినేసే మావగారు గుమ్మంలో ఆయన. ప్రతి రోగాన్నీ తలకి తగిలిన దెబ్బ అనే డాక్టరు తలదెబ్బ. ఆ ఇంట్లో తలుపులు వేసుకుని మాట్లాడుకునే అలవాటుంటే సీరియల్ మూడో రోజునే అయిపోయేదని ఆవిడ అభిప్రాయం. విషం కలిపిన పాలగ్లాసు పెద్దకోడలు సోమవారం చేతిలోకి తీసుకుంటే గురువారానికి పెదవి దాకా వచ్చింది. నాలుగు రోజులకి పాలు ఎలాగూ విరిగిపోయి ఉంటాయి, వాసనకే పారబోస్తుంది, ఎందుకే అంత భయం అని నన్ను ఓదార్చింది.

అందరూ ఏడుపుగొట్టుని మెచ్చుకుంటే జడ్జమ్మకి మండేది. ఏడ్చేవాళ్ళంత మొండివాళ్ళు ఉండరనేది. వాళ్ళు ఏడుస్తూనే తమకి కావలసింది సాధించుకుంటారు, పక్కవాళ్ళు నవ్వుతూనే పోగొట్టుకుంటారు అనేది. ఆ ఇంట్లో పొద్దున్నే లేచి ఒక పని, ఒక ఆలోచన, ఒక పథకం ఉన్న మనిషి విలన్ ఒక్కతే, మిగతావాళ్ళంతా నగలు పెట్టుకుని మెట్లు దిగడానికి పుట్టారనేది. ఇలా అంటుంటే రోలరు పెద్దాయన నవ్వాపుకోలేక దుప్పటి వంకరగా పెట్టేవాడు.

ఒక్క పాత్ర విషయంలో మాత్రం ఆవిడకి హాస్యం ఉండేది కాదు. ఆ పాత్రకి ఆవిడ పెట్టిన పేరు సంచీ ఆవిడ. సీరియల్ మొదట్లోనే మూడేళ్ళ కూతురు నిద్రపోతుంటే చేతిసంచీ ఒకటి పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తల్లి. చూసేవాళ్ళంతా ఆమెని తిట్టారు. మా లాండ్రీలోనూ తిట్టారు. కన్నబిడ్డని వదిలి వెళ్ళినది ఆడదేనా అని మాసిన బట్టల మూటలు విప్పే ఆవిడ అంటే, జడ్జమ్మ చేతిలో దుప్పటి వదిలేసి వెళ్ళి మరీ ఆమెతో పోట్లాడింది. రోలరు పెద్దాయన ఊరుకోక, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా, ఆ సంచీ ఆవిడేమన్నా మీ చుట్టమా అన్నాడు. జడ్జమ్మ ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు.

తరవాత సీరియల్లో పదిహేనేళ్ళు గడిచాయి. ప్రకటనలకి ముందు గౌను వేసుకుని పరిగెత్తిన పిల్ల, ప్రకటనలయ్యాక జడ ముందుకు వేసుకుని కాలేజీకి బయల్దేరింది. ఇంతకన్నా అన్యాయం ఉందా అని నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అలాగే అవుతుందమ్మాయ్, కొంతమందికి అలాగే అవుతుంది అంది. ఆ పెద్దపిల్ల వేషం వేసిన అమ్మాయి మరీ పొడుగని, తల్లి పోలిక వస్తే అంత పొడుగు రాదని ఆ వారమంతా సణిగింది.

ఒకరోజు మా ఆడపడుచు వచ్చి టీవీ పెట్టింది. పక్కన కూర్చోక తప్పక నేనూ చూశాను. ఆ రోజు సంచీ ఆవిడ ఇల్లు వదిలిన పాత సీను మళ్ళీ వేశారు. పిల్ల వంక ఒకసారి చూసింది, సంచీ తీసుకుంది, వెళ్ళిపోయింది. మర్నాడు బల్ల దగ్గర జడ్జమ్మ ఆ సీను నాకు చెప్పింది. సంచీలో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు పెట్టుకుందట. బట్టల మధ్య పిల్ల జడరిబ్బను ఒకటి ఇరుక్కుని తెలియకుండా వచ్చేసిందట. రాత్రి ఎక్కడో ఒక గదిలో సంచీ విప్పితే అది కనిపించిందట.

"నిన్న నేనూ చూశానక్కా," అన్నాను. "సంచీ అసలు విప్పలేదే."

పది పన్నెండు దుప్పట్లు ఆవిడ నా మొహం చూడకుండానే మడతపెట్టింది. ఏదో అనకూడనిది అన్నానని మాత్రం నాకు అర్థమైంది. తరవాతి దుప్పటి కొసలు కలపడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు, రోలరు చప్పుడులో నాకొక్కదానికే వినపడేలా అంది.

"ఆ సంచీ నాది."

ఆ వారంలో దుప్పటికి రెండు మాటల చొప్పున మిగతాదంతా చెప్పింది. ఆవిడ ఇల్లు వదిలిన మధ్యాహ్నం ఐదేళ్ళ కూతురు బడిలో ఉంది. మొగుడు కొట్టే రకం కాదు, పలకరించని రకం. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పాటు ఆవిడతో ఎవరూ మాట్లాడలేదట. అవసరమైన మాటలు కూడా గోడతోనో పిల్లతోనో అనేవాళ్ళట. పని దొరికి, ఒక గది చూసుకోగానే వచ్చి పిల్లని తీసుకెళదామనుకుంది. గది దొరికేసరికి రెండేళ్ళు పట్టింది. వెళ్తే పిల్ల మేనత్త వెనక దాక్కుంది, ఎంత పిలిచినా రాలేదు. ఏడ్చి గోలపెట్టినా లాక్కొచ్చేసేదాన్నేమో, కానీ అది ఏడవలేదే, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది అంది. మళ్ళీ వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఇదంతా నాకు చెప్పేనాటికి ఆవిడ ఇల్లు వదిలి పదిహేడేళ్ళయింది.

ఆవిడ పెదనాన్న కొడుకు ఒకాయన ఏడాదికోసారి కబురు చెప్పేవాడట. పిల్ల పాసైంది, పిల్లకి జ్వరం వచ్చి తగ్గింది, ఇలాగ. ఆ మధ్య చెప్పిన కబురేమిటంటే ఆ పిల్ల ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తోందని. షాపు ఏ వీధిలో ఉందో కూడా చెప్పాడు. బస్సులో అయిదు గంటల దూరం. ఆ చిరునామా నాలుగు నెలలుగా ఆవిడ దగ్గరే ఉంది.

"మరి వెళ్ళకూడదా?" అన్నాను.

ఆవిడ చెప్పిన జవాబు ఇంకెవరైనా చెబితే నవ్వేదాన్ని. సీరియల్ అయిపోవస్తోంది. ఆఖరి వారంలో సంచీ ఆవిడ కూతురి పెళ్ళి. పెళ్ళికి సంచీ ఆవిడ వస్తుందని ముందే చూపిస్తున్నారు. ఆ పిల్ల తల్లిని లోపలికి రానిస్తే నేనూ వెళ్తాను, గెంటేస్తే ఈ జన్మకి ఇంతే అంది. ఎవడో ఒక గదిలో కూర్చుని రాసే కథకీ నీ కూతురికీ సంబంధమేమిటక్కా అని నేను కోప్పడ్డాను. రాసేవాళ్ళు నలుగురు మనుషుల్ని చూసే రాస్తారు, కూతుళ్ళు ఏం చేస్తారో నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు అంది. ఆవిడకి కూతుళ్ళ గురించి తెలిసిందంతా ఐదేళ్ళ వయసు దాకానే.

చివరి భాగం శుక్రవారం. ఆ రోజే హోటల్లో ఏదో పెద్ద సమావేశం, వెయ్యి మంది. జడ్జమ్మని సాయంత్రం డ్యూటీకి కూడా ఉండమన్నారు. ఫోన్లలో సీరియళ్ళు చూసే రోజులు కావవి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నువ్వు చూసి రేపు పొద్దున్నే చెప్పు, ఒక్క ముక్క వదలకుండా చెప్పు అంది. ఏడేళ్ళుగా ఆవిడ చెబితే నేను విన్నాను. ఇప్పుడు తిరగబడింది.

ఆ సాయంత్రం వంట కూడా ముందే ముగించి టీవీ ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన వింతగా చూశాడు. అరగంటలో ఇరవై నిమిషాలు మెట్లు దిగడమే. ఏడుపుగొట్టు ఆనందంతో ఏడ్చింది. తలదెబ్బ డాక్టరు కొత్త బట్టల్లో వచ్చాడు. సంచీ ఆవిడ గేటు దగ్గర నిలబడ్డట్టు ఒక్క క్షణం చూపించారు. నేను ముందుకు జరిగాను. ప్రకటనలు వచ్చాయి. ప్రకటనలయ్యాక అందరూ ఫోటోకి వరసగా నిలబడ్డారు. గుమ్మంలో ఆయన అటూ ఇటూ చూసి, అందరూ వచ్చినట్టేనా అని అడిగాడు. అందరూ వచ్చారు అన్నారు అంతా ఒక్క గొంతుతో. ఫోటో తీశారు. శుభం.

సంచీ ఆవిడని వాళ్ళు రానివ్వలేదు, గెంటలేదు. మర్చిపోయారు. ఏడేళ్ళ కథ రాసినవాళ్ళకి గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టామన్న సంగతే గుర్తులేదు. నేను లేచి నిలబడి టీవీని తిట్టడం మొదలుపెట్టాను. మా ఆయన నవ్వీ నవ్వీ, సీరియళ్ళు చూడనన్నావు కదే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంది. సాయంత్రం డ్యూటీ కూడా చేసిన మనిషి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఏమైందని అడగలేదు. దుప్పటి కొసలు పట్టుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాలనే వెళ్ళాను నేను. పెళ్ళికూతురి బట్టల రంగు చెప్పాను, మెట్లు చెప్పాను, ఏడుపుగొట్టు ఏడుపు చెప్పాను. ఇక చెప్పడానికి గేటు తప్ప మిగల్లేదు.

"గేటు దగ్గర సంచీ ఆవిడ నిలబడింది," అన్నాను. "ఆ పిల్ల చూసింది. లేచి, అందర్నీ దాటుకుని వచ్చింది. సంచీ తన చేతిలోకి తీసుకుంది."

"ఏమంది?"

అక్కడికి నేను ఆలోచించి పెట్టుకోలేదు. "ఇంత ఆలస్యమా అంది."

"అంతేనా?"

"అంతే."

"బాగా రాశారు," అంది జడ్జమ్మ. ఎక్కువ మాట్లాడిస్తే పాడయ్యేదని కూడా అంది. రోలరు పెద్దాయన అటు నుంచి, ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశారు అన్నాడు. ఆ గంటలో మేం మడిచిన దుప్పట్లన్నీ వంకరగా వచ్చాయి. సూపర్‌వైజరు నలభై తిరిగి పంపాడు. పదకొండింటికి ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి రెండు రోజులు సెలవు అడిగింది. అన్నేళ్ళలో ఆవిడ సెలవు అడగడం అదే మొదటిసారి కాబట్టి ఆయన మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. మధ్యాహ్నం బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆదివారం నాకు సెలవు, రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. ఆ పిల్ల ఆవిడ మొహం మీదే తలుపు వేస్తే ఆ పాపం నాది. నిజం చెప్పి ఉంటే ఆవిడ తన గదిలో తను ఉండేది, కొత్త సీరియల్ ఏదో మొదలుపెట్టేది, ఇంకో పదిహేడేళ్ళు కూతుర్ని తలుచుకుంటూ బతికేసేది. అది మేలో ఇది మేలో నాకు తేలలేదు. ఆవిడ కోసం నేను దేన్నీ అంతగా కోరుకోలేదు, ఆ పిల్ల ఒక్క మంచి మాట అంటే చాలనుకున్నాను.

సోమవారం ఆవిడ డ్యూటీకి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మూడు దుప్పట్లయ్యాక మొదలుపెట్టింది. మామూలుగా సీరియల్ చెప్పినట్టే, ముందు గది, తరవాత మనుషులు, తరవాత మాటలు.

షాపు చిన్నదట. గోడలకి అద్దాలు, అద్దాల ముందు వరసగా ఫ్రేములు. కౌంటరు వెనక ఆ పిల్ల ఒక్కతే ఉందట. లోపలికి అడుగుపెట్టగానే ఎవరితోనైనా అన్నట్టే కూర్చోండి అందట. ఈవిడ కూర్చుంది. ఏం కావాలంటే, దగ్గరవి కనిపించడం లేదు అంది. అబద్ధమేం కాదు, సూదిలోకి దారం ఎక్కించి ఎన్నాళ్ళయిందో. ఆ పిల్ల అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడో అని అడిగిందట. ఫ్రేము పెట్టి చెవుల వెనక వేళ్ళతో సరిచేసిందట. వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఎక్కువ నీళ్ళు తాగదేమో అంది జడ్జమ్మ. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో నేను అడగలేదు.

తరవాత చీటీ రాయడానికి పేరు అడిగింది. ఈవిడ చెప్పింది. ఆ పిల్ల కలం ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదట. ఇంతలో ఇంకెవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఆ పిల్ల తల వంచి చీటీ రాయడం పూర్తిచేసి, చించి ఇచ్చింది. "ఇప్పుడు షాపు టైమండీ. ఇంకెప్పుడైనా రండి," అంది. అంతే. ఈవిడ లేచి వచ్చేసింది.

జడ్జమ్మ చేతిలో దుప్పటి కొసలు అలాగే ఉన్నాయి. నడవలేదు.

"నువ్వు చెప్పు," అంది. "నిజంగా రమ్మని అందంటావా? మర్యాదకి అందంటావా? కళ్ళజోడు తీసుకోడానికి రమ్మందా?"

అని ఊరుకోలేదు. ఆ పిల్ల అన్న మాటని మూడు రకాలుగా అని చూపించింది. మొదటి రకంలో గొంతు మెత్తగా ఉంది. రెండోదాంట్లో షాపువాళ్ళ గొంతు. మూడోది సగం అని వదిలేసింది.

"నిజంగానే అక్కా," అన్నాను.

"చివరి భాగం కూడా నువ్విలాగే చెప్పావు."

నా చేతిలో కొసలు జారాయి. శనివారం మధ్యాహ్నం బస్టాండులో, బస్సు కోసం కూర్చున్న చోటే, టీవీలో ముందురోజు భాగం మళ్ళీ వేశారట. మెట్లు, ఏడుపు, గేటు, ఫోటో, అన్నీ చూసిందట. అందరూ వచ్చారు అన్న మాట కూడా విందట. ఆవిడ కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చూసి కూడా బస్సు ఎందుకెక్కావు?"

"ఇన్నేళ్ళలో నన్ను వెళ్ళమన్నది నువ్వొక్కదానివే," అంది. "అబద్ధమాడి మరీ." జారిన కొసలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు మాత్రం నిజం చెప్పు. నాకు బాధేస్తుందని చూడకు."

నేను ఆ షాపు చూడలేదు, ఆ పిల్లని చూడలేదు. తల్లి పేరు విని కలం ఆపిన మనిషి మనసులో ఏముందో చెప్పడానికి నాకెంత తెలివి కావాలి?

"నాకు తెలీదక్కా."

"నాకూ తెలీదే," అంది జడ్జమ్మ.

ఏడేళ్ళలో ఏ మనిషి గురించీ ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. రోలరు పెద్దాయన కూడా ఇటు తిరిగి చూశాడు. ఆవిడ దుప్పటి బల్ల మీద పెట్టి, జేబులోంచి మడిచిన చీటీ తీసి నాకు ఇచ్చింది. గుండ్రటి చేతిరాత. పైన తారీకు, కింద అద్దాల నంబర్లు, మధ్యలో ఆవిడ పేరు.

"నేను పేరు ఒక్కటే చెప్పాను," అంది. "ఇంటిపేరు తనే రాసింది."

చీటీ మళ్ళీ తీసుకుని జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకుంది. కళ్ళజోడు పదిహేనో తారీకుకి తయారవుతుందట, ఆ రోజు సెలవు దొరుకుతుందా అని నన్నడిగింది.